ఆరు గంటల చెరువు

బౌద్ధ శకం 2528, మే 19, ఆదివారం

అక్కా,

అన్నం తిన్నావా? పిల్లలు తిన్నారా? నాలుగో తరగతితో బడి మానేశాక నేను కాగితం మీద రాసింది నా పేరొక్కటే, అదీ పెళ్ళి కాగితం మీద. ఇందులో తప్పులుంటే నువ్వు నవ్వుకో. బావకి మాత్రం చదివి వినిపించకు.

ముందు చెరువు సంగతి రాస్తాను. మిగతావి రాయడానికి చెయ్యి రావడం లేదు.

మన ఊళ్ళో నీళ్ళంటే బురద, గేదెలు, మోకాలి లోతు. ఇక్కడ పట్నం నడిబొడ్డున, బస్టాండుకీ సంతకీ మధ్య, నోంగ్ బువా అని ఒక చెరువుంది. చుట్టూ తిరిగి రావడానికి పెద్ద కుండెడు బియ్యం జావ ఉడికేంత సేపు పడుతుంది. గేటు దగ్గర గడియారం స్తంభం, ఒడ్డు పొడవునా చెట్లు, పూలమొక్కలు, సిమెంటు బెంచీలు. ఎవరూ గేదెల్ని కడగరు, వల వేయరు, పొలానికి తోడుకోరు. అన్ని నీళ్ళు ఏ పనీ చేయకుండా, ఊరికే చూడటానికి ఉన్నాయక్కా! మొదటిరోజు నేను గుడి అనుకుని చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆవిడ చూసి, "ఏమ్మా, మా చెరువుకి మొక్కుకుంటున్నావా?" అని ఒకటే నవ్వు. నాకు మొక్కాలనే అనిపించింది.

చేపలైతే ఒక్కొక్కటీ మన చిన్నాడంత. ఎండు రొట్టె ముక్క విసిరితే నీళ్ళు లేచి నిలబడతాయి. వాటిని ఎవరూ పట్టరు. నువ్వయితే పులియబెట్టడానికి ఉప్పూ జాడీ పట్టుకుని వచ్చేదానివి.

రొట్టె విసిరేది మా అత్తయ్య. ఆయన ఆరు రోజులు బ్యాంకాక్ బస్సు తోలుతూ దారిలోనే ఉంటారు. ఇంట్లో మేమిద్దరమే. పొద్దున సంతలో జావ దుకాణం, సాయంత్రం ఐదింటికి చెరువు. రోజూ నన్ను తీసుకెళ్తారు. కానీ నాతో మాట్లాడరు. "అత్తయ్యా, భోంచేద్దాం రండి" అంటాను, పలకరు. వాన కోసం జువ్వలు వదిలే పండక్కి మన ఊరు వెళ్ళిరానా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ చేపల్నే చూస్తూ కూర్చున్నారు. అందుకే రాలేదు. ఈసారి మన జువ్వ ఎంత ఎత్తుకి వెళ్ళింది?

ఇంకొకటి. సరిగ్గా ఆరు కొట్టేముందు, చల్లబడి జనం వచ్చి చెరువు కళకళలాడే వేళకి, ఆవిడ గడియారం చూసుకుని లేచి నన్ను ఇంటికి లాక్కొచ్చేస్తారు. రోజూ అంతే. చెరువుని నేను ఎప్పుడూ సగమే చూశాను.

మన యాస ఆవిడకి నచ్చదేమో. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండానే మాట్లాడుతున్నాను. ఇంకెంత నెమ్మదిగా ఉండాలో చెప్పక్కా.

లమై


మే 29

ఒసే లమై,

బావకి చదివి వినిపించొద్దన్నావు, వినిపించలేదు. ఆయనే లాక్కుని చదువుకున్నాడు. నీ మాట నిలబెట్టాను.

మన జువ్వ కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి, తిరిగొచ్చి గ్రామపెద్ద గడ్డివాములో పడింది. బావ ఇంకా అటువైపు వెళ్ళడం లేదు. వాన మాత్రం పడింది.

ఇక నీ సంగతి. పెళ్ళి మాటలప్పుడు మధ్యవర్తి ఏమందో గుర్తుందా? "కిమ్‌లంగ్ గారికి ఎక్కువ మాట్లాడే పిల్ల వద్దు, నెమ్మదైన పిల్ల కావాలి" అంది. అప్పుడు మురిసిపోయాం, మన లమై కంటే నెమ్మదైనది ఎక్కడుంటుందని. ఇప్పుడు అర్థమైంది. ఆవిడకి కావలసింది కోడలు కాదు, నోరులేని గేదె.

జనం వచ్చే వేళకి లాక్కురావడం ఎందుకంటావా? పిచ్చిదానా! వాళ్ళు తెల్లటి చైనా దుకాణదారులు. నువ్వు ఎండలో నాట్లేసిన పిల్లవి. నిన్ను పక్కన పెట్టుకుని పదిమందికీ కనపడటం నామోషీ. అమ్మ పోయాక నిన్ను నా చంకనేసుకుని పెంచింది ఇందుకేనా?

నేను చెప్పేది విను. ఆవిడ పలకకపోతే నువ్వూ పలకకు. ముందు ఎవరి నోరు దురదపెడుతుందో చూద్దాం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే పెట్టుకో, ఆ చెయ్యి వెనక మాటే లేకుండా చూసుకో.

నీ అక్క, మనిద్దరి నోళ్ళూ తనకే వచ్చిన ఖంపున్


జూన్ 9, ఆదివారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆరు రోజులుగా అత్తయ్యతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడటం మానేసిన సంగతి ఆవిడకి తెలియనే లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ పళ్ళేలు కడిగాను. దుకాణంలో కూడా నేను నోరు తెరవాల్సిన పని లేదు. ఈ పట్నంలో జావకి గుడ్డు కావాలంటే ఒక వేలు చూపిస్తారు, రెండు కావాలంటే రెండు. అల్లం వద్దంటే చెయ్యి ఊపుతారు. పట్నం మర్యాద అలా ఉంటుందనుకుని నేనూ నేర్చుకున్నాను. నిన్న బట్టల కొట్లో కూడా రెండు వేళ్ళు చూపించాను. "ఏం కావాలో నోటితో చెప్పమ్మా, వేళ్ళు అమ్మం" అన్నాడు కొట్టాయన. ఇంటిదాకా తల ఎత్తలేదు నేను.

రోడ్డు దాటేటప్పుడు అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంటారు. గోళ్ళు దిగేంత గట్టిగా. పారిపోతాననుకుంటారో, కొట్లో ఏమైనా ఎత్తుకెళ్తాననుకుంటారో తెలియదు.

అసలు మాట ఇప్పుడు రాస్తున్నాను. గురువారం ఆయన వచ్చారు. ఆయన వస్తే ఇల్లంతా అరుపులే. తల్లితో ఎప్పుడూ గొంతెత్తే మాట్లాడతారు. "మా అమ్మకి ఇష్టమైనప్పుడే చెవులుంటాయి" అని నాతో వేళాకోళం కూడా ఆడతారు. నేను వంటింట్లో ఉన్నాను. అత్తయ్య ఆయనతో అన్న మాట ఇది: "నాలుగు నెలలైందిరా. ఆ పిల్ల నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇక్కడ ఉండటం దానికి ఇష్టం లేదు. దాని ఊరు పంపించెయ్."

ఒక్క మాట మాట్లాడలేదట! ఎంత అబద్ధమక్కా! ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఎన్నిసార్లు పిలిచాను! ఎన్నిసార్లు తినమన్నాను! నేను మౌనంగా ఉన్నది ఈ ఆరు రోజులే. ఆయన నా వైపు చూశారు. మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆ చెరువే లేకపోతే ఈపాటికి వచ్చేసేదాన్ని. నిన్న దాని మీద వాన పడింది. అవతలి ఒడ్డు కనపడలేదు. తామరాకులన్నీ ఒక్కసారి నోళ్ళు తెరిచి మాట్లాడినట్టయింది. అత్తయ్య గొడుగు కింద నన్ను దగ్గరికి లాక్కుని, వేలితో చెరువుని చూపించి, నా ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు, నేనేదో ఇవ్వాల్సి ఉన్నట్టు. నేను పలకలేదు. నువ్వు వద్దన్నావుగా. కానీ అంత గొప్పదాన్ని చూసి మాట్లాడకుండా ఉండటం చాలా కష్టమైంది.

నన్ను పంపించేస్తే నేనేం చెయ్యాలి?

లమై


జూన్ 18

లమై,

నువ్వేం చెయ్యనక్కర్లేదు. చేసేది నేను.

పంపించెయ్ అనేదాకా వచ్చాక నువ్వక్కడ ఒక్క పూట ఎక్కువ ఉంటే మన పరువు వాళ్ళ జావలో ఉడికినట్టే. 29వ తేదీ శనివారం వస్తున్నాను. ఆ ఇంటి గడప తొక్కను. నీ చెరువు దగ్గరే, గడియారం స్తంభం ఉన్న గేటు బయట నిలబడతాను. బట్టలు మూటకట్టుకుని ఐదున్నరకల్లా రా. ఆవిడ ఉంటే ఇంకా మంచిది. నాలుగు మాటలు నీ తరఫున కూడా అడిగి మరీ తీసుకొస్తాను.

నారు సిద్ధంగా ఉంది. నాట్లకి మనిషి దొరక్క చస్తున్నాను. ఇద్దరం చేలో దిగితే నీ బాధ బురదలో కలిసిపోతుంది. మీ ఆయనకి నువ్వు కావాలంటే బస్సు తోలుకుని మన ఊరే వస్తాడు. మన వైపు అల్లుళ్ళే అత్తారింట్లో ఉంటారు. ఉంటే వాడికి నష్టమేముంది?

పులిసిన చేప జాడీ తెస్తున్నాను. ఎవరికో పెట్టాలని కాదు, దారిలో నేను తినడానికి.

ఖంపున్


జూన్ 23, ఆదివారం

అక్కా,

ఇది నీకు శనివారంలోగా అందాలని చెరువుకి మొక్కుకుని రాస్తున్నాను. నన్ను తీసుకెళ్ళడానికి రాకు. రా, కానీ అందుకు కాదు.

నిన్న నీ ఉత్తరం నా నడుం దగ్గర దోపుకుని చెరువుకి వెళ్ళాను. ఇంట్లో మూట కట్టి ఉంది. ఇక ఏడు సాయంత్రాలే అని లెక్కపెట్టుకుంటున్నాను. అత్తయ్య చేతికి మామయ్యగారి పాత గడియారం ఉంటుంది. మొన్నటి వానకి అందులో నీళ్ళు చేరినట్టున్నాయి. నిన్న అది ఐదూ ఇరవై దగ్గర ఆగిపోయింది. మా ఇద్దరికీ తెలియదు. ఆవిడ మెట్ల చివర నీళ్ళకి దగ్గరగా కూర్చుని, వీపు జనం వైపు పెట్టి చేపలకి రొట్టె వేస్తున్నారు. నేను పైన చెట్టుకింద ఉన్నాను.

జనం వచ్చారు. అంతమందిని నేను తిరునాళ్ళలో కూడా చూడలేదు. పరిగెత్తేవాళ్ళు, పాటకి చేతులూపుతూ కసరత్తు చేసే ఆడవాళ్ళు, నీళ్ళమీద హంస పడవలు తొక్కే జంటలు. ఈరోజు ఇంకా లేవలేదేమిటి అనుకుంటుండగా గడియారం స్తంభం మీది మైకు గరగరలాడి, ఆరు గంటల జాతీయగీతం మొదలైంది.

మన బడిలో రోజూ నిలబడ్డవాళ్ళమే కదా, అదేం కొత్త కాదు. కానీ బడిలో అరవైమందిమి. ఇక్కడ వెయ్యిమంది. పరిగెత్తేవాళ్ళు ఒక కాలు ముందు ఒక కాలు వెనకగా ఆగిపోయారు. కసరత్తు ఆడవాళ్ళ చేతులు మెల్లగా దిగాయి. మొక్కజొన్నలావిడ విసనకర్ర కిందపెట్టింది. పడవల్లో కాళ్ళు ఆగాయి, తెల్లటి హంసలు తమంతట తామే తేలుతున్నాయి. ఆకాశం ఎర్రగా నీళ్ళలోకి దిగి, అదీ నిలబడింది. అక్కా, ఒక పట్నం ఊపిరి బిగబట్టడం నేను మొదటిసారి చూశాను.

అంతటి నిశ్శబ్దంలో, పాటకి అడ్డంగా, ఒక్క గొంతు: "ఒరేయ్ నల్లోడా, నీకు వేశాగా! పక్కవాడిని తిననీ! సిగ్గులేదూ?"

అత్తయ్య. నవ్వుతూ, పెద్దగా, చేపల్ని తిడుతూ, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి నడుస్తూ.

కుర్రాళ్ళు కొందరు పెదవులు కొరుక్కుంటున్నారు. యూనిఫాం వేసుకున్న ఒకాయన తల తిప్పకుండా కళ్ళు మాత్రం అటు తిప్పాడు. ఆయన ముఖం గట్టిపడింది. అత్తయ్య ఎవరినీ లెక్కచెయ్యడం లేదని నాకు అనిపించలేదు. ఒక్కసారిగా అన్నీ తెలిశాయి. వేళ్ళు చూపించే జావ. ఆయన అరుపులు. రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు. ఆరు కొట్టకముందే లేచిపోవడం.

పెళ్ళినాడు నలుగురి ముందు నడవలేక నీ వెనక దాక్కుని నడిచానే, గుర్తుందా? ఆ నేనే చెప్పులు అక్కడే విడిచి, చప్పుడు కాకుండా, వట్టి కాళ్ళతో వెయ్యిమంది మధ్య నుంచి నడిచాను. కదలకూడదని తెలుసు. అందరూ నన్నే చూస్తున్నారని తెలుసు. పద్నాలుగు మెట్లు. దిగి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను, ఆవిడ నాది పట్టుకున్నట్టే.

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. పైన నిలబడిపోయిన జనాన్ని చూశారు. రొట్టె సంచి చేతిలోంచి జారింది. నిటారుగా నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. చెయ్యి వదల్లేదు. నాడి నా వేళ్ళకింద పిచ్చుకలా కొట్టుకుంటోంది. ఆ సంచి చుట్టూ చేపలొక్కటే కదులుతున్నాయి.

పాటయ్యాక బెంచీమీద కూర్చున్నాం. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నారు. ఇప్పుడే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నోటి మీంచి తీసేశారు. "ఈ చెయ్యి తియ్యి తల్లీ. తల ఎత్తు. నీ పెదాలు కనపడితేనే నాకు మాట."

"ఇప్పుడే తెలిసింది అత్తయ్యా" అని తలెత్తి అరిచాను.

"అబ్బ, నీ గొంతు ఇంత సన్నమా? అరిచినా దూది పడ్డట్టుంది," అన్నారు. ఇద్దరం ఎంత నవ్వామో! తర్వాత ఆవిడ ఏడ్చారు.

ఐదేళ్ళ క్రితం ఎడమ చెవి పోయిందట, తర్వాత కుడిదీ. గట్టిగా అరిస్తే కొంచెం వినపడుతుంది. కొడుక్కి కూడా చెప్పలేదు. చెవిటిదైపోయిందని తెలిస్తే సంతలో దుకాణం తీసేయమంటారని భయం. "జావ కలిపేది గరిటె కదా, చెవి కాదు కదా" అన్నారు. మూడేళ్ళ క్రితం ఒకసారి ఇలాగే పాటలో నడిచి, ఎవరో సైనికుడి చేత నలుగురిలో మాటపడ్డారట. అప్పటినుంచీ ఆరింటిదాకా ఉండరు. ఆవిడ సిగ్గుపడింది నా గురించి కాదక్కా.

ఊరు పంపించెయ్ అన్నారే అని అడిగాను. ఈసారీ గట్టిగానే అడిగాను. "మరి నాలుగు నెలలు నోరు విప్పకపోతివి! మా ఇల్లు నచ్చక దిగులుతో చిక్కిపోతున్నావనుకున్నాను. నెమ్మదైన పిల్ల కావాలన్నాను, నిజమే. ఎక్కువ మాట్లాడితే జవాబు చెప్పలేక దొరికిపోతానని. కానీ మరీ ఇంతలా మాట్లాడని పిల్లని ఇచ్చారేమిటని మీవాళ్ళని తిట్టుకున్నాను."

నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆవిడ ఎదురుచూస్తూనే ఉన్నారు. మధ్యలో నా చెయ్యి అడ్డం.

మూట విప్పేశాను. నువ్వు ఇంటికే రా.

లమై


జూలై 2

లమై,

నీ ఉత్తరం నిన్న సోమవారం అందింది. నేను వెళ్ళి, అరిచి, తిని, తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కున్నాక! ఈ పోస్టు వాళ్ళని మీ చెరువులో వెయ్యాలి. నువ్వు మొక్కేటప్పుడు గట్టిగా మొక్కాల్సింది.

శనివారం నుంచీ బావకి రోజుకొకసారి చెప్తున్నాను, ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వుతున్నాడు. దారంతా తిట్లు కూడబెట్టుకుని వచ్చానా? నువ్వు దూరాన్నుంచి చేతులూపుతుంటే ఏడుస్తున్నావనుకున్నాను. నువ్వు వచ్చి నోరు తెరిచేలోగా మొదలుపెట్టేశాను: "ఏమ్మా పెద్దావిడా! మా పిల్లకి నోరులేదని ఆడుకుంటున్నారా? దానికి లేకపోతే నాకుంది! దీన్ని పెంచింది మీ జావ కుండలు కడగడానికి కాదు!" గేటు దగ్గర రిక్షావాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

ఆవిడేమో ముఖం చేటంత చేసుకుని, రెండు చేతులూ గుండెమీద పెట్టుకుని, "అమ్మయ్యా! ప్రతి మాటా వినపడింది! ఇంకోసారి అను!" అంటుంది. తిట్టమని అడిగి తిట్టించుకునే మనిషిని నేను ఈ పుట్టుకలో చూడలేదే. మిగతా తిట్లన్నీ గొంతులోనే ఎండిపోయాయి. నువ్వు నా చెవిలో చెప్పాక భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఆవిడ మాత్రం నా జాడీ మూత తీసి వాసన చూసి, "ఈ వాసనకి చెవులు కూడా తెరుచుకుంటాయి" అంది. చైనావాళ్ళు మన పులిసిన చేప తినరనుకున్నాను. వేలు పెట్టి నాకింది!

ఆ తర్వాత ఆరు కొట్టింది.

లమై, నువ్వు చెరువు గురించి రాసినప్పుడు ఇది నీళ్ళు చూసి ఇంత పొంగిపోతోందేమిటి అనుకున్నాను. ఒప్పుకుంటున్నాను. ఆ నీళ్ళ చుట్టూ అంతమంది ఒక్కసారి ఆగిపోతే నా నోరు తనంతట తనే మూతపడింది. జాడీ చంకలో పెట్టుకుని కొయ్యలా నిలబడ్డాను. ఓరగా చూస్తే నువ్వు ఆవిడ మణికట్టు మీద వేలితో పాట దరువు వేస్తున్నావు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. వేలితో వింటోంది. నాకు అప్పుడే తెలిసిపోయింది, నా నాట్లకి కూలివాళ్ళనే పెట్టుకోవాలని.

నీ మూట కోసం తెచ్చిన గుడ్డలో మీ అత్తగారు పిల్లలకి పందిమాంసం బన్నులు కట్టిచ్చింది. చెల్లెల్ని తేవడానికి వెళ్ళి బన్నులు తెచ్చానని బావ ఊరంతా చెప్తున్నాడు.

ఆవిడ ఆకుల మీద వాన చూపించి నీ ముఖంలోకి చూసినప్పుడు మాట్లాడొద్దన్నది నేనే. ఆ ఒక్కటీ నన్ను పొడుస్తోంది.

నీ అక్క


జూలై 14, ఆదివారం

అక్కా,

పొడిపించుకోకు. నువ్వు అరవకపోతే ఆవిడకి అంత సంతోషం ఎవరిస్తారు? "మీ అక్క మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని రోజూ అడుగుతున్నారు.

ఆయనకి చెప్పేశాం. చెప్పమని నేనే పట్టుబట్టాను. విని, అంత గట్టి మనిషీ మెట్టు మీద కూలబడ్డారు. "అయితే ఇన్నేళ్ళూ నేనరిచిందంతా?" అన్నారు మెల్లగా. ఆవిడ ఆయన పెదాలు చూసి, "సగం వినపడిందిలే. మంచి సగమే అయ్యుంటుంది" అన్నారు. దుకాణం అలాగే నడుస్తోంది. సంతలో అందరికీ ఎప్పుడో తెలుసట! గుడ్డుకి వేళ్ళు చూపించడం వాళ్ళే మొదలుపెట్టారు, ఆవిడని అడక్కుండా, ఆవిడకి తెలియనివ్వకుండా. ఎవరికీ తెలియదని ఆవిడ, ఆవిడకి తెలియదని వాళ్ళు, ఐదేళ్ళు నెట్టుకొచ్చారు. ఇది విన్నప్పటినుంచీ నాకు సంతలో ఎవరిని చూసినా నమస్కారం పెట్టాలనిపిస్తోంది.

ఇప్పుడు నాకొక కొత్త పని వచ్చిపడింది. చెరువు దగ్గర కూర్చోగానే అత్తయ్య అడుగుతారు: "ఇప్పుడేమంటోంది?"

మొదటిరోజు "బాగుంది" అన్నాను. కోప్పడ్డారు. "బాగుందని నా కళ్ళు చెప్తాయి. నీ చెవి ఏం చెప్తోందో చెప్పు."

నేనెప్పుడైనా అంత మాట్లాడానా అక్కా? వెతుక్కుని వెతుక్కుని చెప్తున్నాను. తామరాకుల మీద వాన చేటలో బియ్యం పోసినట్టుంది అన్నాను. హంస పడవలు నీ మగ్గంలాగే కిర్రుమంటాయన్నాను. పాటకి ముందు మైకు, కాగిన నూనెలో తడి చెయ్యి విదిలించినట్టు చిటపటలాడుతుందన్నాను. చేపల నోళ్ళు మాత్రం ఏం చప్పుడు చేస్తాయో రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడోరోజు దొరికింది: చంటిపిల్లలు పాలు తాగేటప్పటి చప్పుడు. అది చెప్పగానే ఆవిడ సంచిలో మిగిలిన రొట్టంతా వాటికే వేసేశారు.

గట్టిగా చెప్పాలి కదా, దారినపోయేవాళ్ళు ఆగి వింటున్నారు. మొక్కజొన్నలావిడ "మా చెరువు ఇన్ని మాటలంటుందని నాకు తెలియదే" అంది. నా యాస చూసి ఎవరూ నవ్వలేదు. ఒకళ్ళిద్దరు నవ్వారేమో, చూడలేదు. పెదాలు కనపడాలని నేను అత్తయ్య వైపే తిరిగి ఉంటాను.

నిన్న పాట అయిపోయాక చెప్పబోయాను. "పాట ఆగగానే అందరూ ఒక్కసారి కదులుతారు అత్తయ్యా, వెయ్యిమంది పాదాలు ఒకేసారి నేలమీద పడతాయి, ఆ చప్పుడు..." అన్నాను. దానికి పోలిక దొరకలేదు. పిడుగు కాదు, వరద కాదు.

ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపారు. "అదొక్కటీ నాకు చెప్పక్కర్లేదు. నేలలోంచి వస్తుంది" అని కిందికి చూపించారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి పాదాలతో నిలబడి ఉన్నారు.

నేనూ నావి విప్పాను.

లమై